టెక్నిక్స్ 1200 చేతికి తగిన హై-ఎండ్ కార్ట్రిడ్జ్: ఎంపిక, బిగింపు, కొలతల డైరీ

పని ఇదీ: టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 టర్న్‌టేబుల్ మీద ఉన్న మామూలు మూవింగ్ మాగ్నెట్ (ఎంఎం) కార్ట్రిడ్జ్, అంటే ముల్లు కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం, తీసేసి, దాని స్థానంలో మేలురకం కార్ట్రిడ్జ్ పెట్టాలి. పేరు ముందే ఖాయం చేసుకుని దిగిన పని కాదు. చెయ్యి (కార్ట్రిడ్జ్‌ను మోసే టోన్‌ఆర్మ్) ఏది మోయగలదు, ఫోనో స్టేజి (కార్ట్రిడ్జ్ ఇచ్చే చిన్న సిగ్నల్‌ను పెంచే పెట్టె) దేన్ని వినిపించగలదు, అరలో ఏ రికార్డులున్నాయి అన్న మూడు ప్రశ్నలూ వేస్తే జాబితాలోంచి చాలా పేర్లు వాటంతట అవే రాలిపోతాయి. సమీక్షలు చదవడం ఆ తర్వాతి సంగతి.

నమోదు 1: చేతిలో ఉన్న సరంజామా

టర్న్‌టేబుల్ చేతి ప్రభావ పొడవు (పివట్, అంటే చెయ్యి తిరిగే ఇరుసు నుంచి ముల్లు కొస దాకా) 230 మి.మీ., ఓవర్‌హ్యాంగ్ (స్పిండిల్, అంటే పళ్లెం నడిమి కడ్డీని దాటి ముల్లు కొస ముందుకు వెళ్లే దూరం) 15 మి.మీ. కార్ట్రిడ్జ్ లేకుండా ప్రభావ ద్రవ్యరాశి (కదిలేటప్పుడు ముల్లుకు తెలిసే చేతి బరువు) 12 గ్రా. కంపెనీ హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ బిగించే చేతి కొస) బరువు 7.5 గ్రా. చేతి వెనక ఉండే కౌంటర్‌వెయిట్ ఒక్కదానితో తూగేది హెడ్‌షెల్‌తో కలిపి 17.5 గ్రా. వరకే. అది దాటితే వెనకాల చిన్న సహాయక బరువు మరతో బిగించాలి. కొందరు ఆ చిన్న ముక్కను పారేసుకుని, కౌంటర్‌వెయిట్‌కు నాణేలు అంటిస్తుంటారు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు అది పెట్టెలో ఉందో లేదో చూసుకోండి.

ఫోనో స్టేజిలో రెండు దారులున్నాయి. ఎంఎం వైపు 40 డెసిబెల్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు), 47 కిలోఓమ్ లోడ్ (కార్ట్రిడ్జ్‌కు ఎదురయ్యే నిరోధం). ఎంసీ (మూవింగ్ కాయిల్) వైపు 60 డెసిబెల్ గెయిన్, 100 ఓమ్ లోడ్. ఈ లోడ్ మార్చడానికి వీల్లేదు.

రికార్డుల్లో సగం కొత్తగా అచ్చయిన స్టీరియో ఎల్పీలు. మిగతా సగం కోల్‌కతా దమ్‌దమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన హెచ్‌ఎంవీ ఎల్పీలు, తెలుగు సినిమా పాటల 7 అంగుళాల ఈపీలు, చాలావరకు మోనో. 78 స్పీడు రికార్డులు లెక్కలోకి రావు. ఎంకే2లో ఆ స్పీడే లేదు, వాటి గాడికి కావాల్సిన ముల్లు కూడా వేరు.

ఆ ఈపీలే తర్వాత ఒక పెద్ద నిర్ణయాన్ని మార్చాయి. అది నమోదు 6లో వస్తుంది.

నమోదు 2: చేతి బరువు, కార్ట్రిడ్జ్ మెత్తదనం

చెయ్యి, కార్ట్రిడ్జ్ కలిసి ఒక స్ప్రింగు మీద వేలాడే బరువులా ఊగుతాయి. ఆ ఊపు ఏ ఫ్రీక్వెన్సీలో వస్తుందన్నది మొదటి వడపోత. వంకర తిరిగిన రికార్డులు, నేల మీద అడుగుల అదురు 7 హెర్ట్జ్ లోపు ఎక్కువ. సంగీతం 20 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. అందుకే ఊపు 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడాలి.

సూత్రం: 159 ÷ √(మొత్తం బరువు × కంప్లయన్స్). బరువు గ్రాముల్లో: చెయ్యి, కార్ట్రిడ్జ్, స్క్రూలు అన్నీ కలిపి. కంప్లయన్స్, అంటే ముల్లు సస్పెన్షన్ మెత్తదనం, మిల్లీన్యూటన్‌కు మైక్రాన్లలో.

ఇక్కడొక మెలిక ఉంది. జపాన్ కంపెనీలు కంప్లయన్స్‌ను తరచు 100 హెర్ట్జ్ దగ్గర చెబుతాయి. సూత్రానికి కావాల్సింది 10 హెర్ట్జ్ దగ్గరి విలువ. సస్పెన్షన్ రబ్బరు తక్కువ ఫ్రీక్వెన్సీలో మెత్తగా ఉంటుంది కాబట్టి 100 హెర్ట్జ్ అంకెను 1.5 నుంచి 2తో హెచ్చించాలి. మేం 1.7 వాడాం. ఇది అనుభవం మీద నిలబడ్డ గుణకం, ప్రతి కార్ట్రిడ్జ్‌కూ అచ్చంగా సరిపోదు. అయినా హెచ్చించకుండా వదిలేయడం కంటే ఎంతో నయం. డెనాన్ డీఎల్-103 సంగతే చూడండి. కాగితం మీద కంప్లయన్స్ 5. దాన్ని నేరుగా వేస్తే 15.4 హెర్ట్జ్ వచ్చి, ఈ చేతికి పనికిరాదనిపిస్తుంది. 8.5గా మారిస్తే 11.8. హద్దులోనే ఉంది.

స్క్రూలకు 0.8 గ్రా. కలిపి వేసిన లెక్కలు ఇవి:

- ఆర్టోఫాన్ 2ఎం బ్లాక్ (7.2 గ్రా., కంప్లయన్స్ 22): 7.6 హెర్ట్జ్
- డెనాన్ డీఎల్-103 (8.5 గ్రా.): 11.8 హెర్ట్జ్
- ఆడియో-టెక్నికా ఏటీ-ఓసీ9ఎక్స్‌ఎంఎల్ (7.6 గ్రా., 100 హెర్ట్జ్ దగ్గర 16): 6.8 హెర్ట్జ్
- హానా ఎంఎల్ (9.5 గ్రా., 100 హెర్ట్జ్ దగ్గర 10): 8.2 హెర్ట్జ్
- ఆర్టోఫాన్ క్యాడెంజా బ్రాంజ్ (10.7 గ్రా., కంప్లయన్స్ 12): 9.5 హెర్ట్జ్

6.8 అంటే వాయించకూడదని కాదు. చదునైన రికార్డుల మీద ఓసీ9 చక్కగానే నడుస్తుంది. కానీ మన దగ్గర దశాబ్దాల పాటు బీరువాల్లో ఏటవాలుగా పడి వంపు తిరిగిన ఎల్పీలు చాలా ఉన్నాయి. వాటి మీద ఊఫర్ కోను ముందుకూ వెనక్కూ కొట్టుకుంటూ ఉంటుంది. పాటలో అది వినపడదు గానీ ఆంప్లిఫయర్ శక్తిని తినేస్తుంది. ఓసీ9ను పక్కన పెట్టాం.

వాతావరణం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. కార్ట్రిడ్జ్ కొలతలు సాధారణంగా 20 నుంచి 23 డిగ్రీల గదిలో తీస్తారు. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గది 38 దాటుతుంది. రబ్బరు మెత్తబడి కంప్లయన్స్ పెరుగుతుంది, ఊపు ఫ్రీక్వెన్సీ ఇంకా కిందికి జారుతుంది. 8 అంచున ఉన్న కార్ట్రిడ్జ్ ఎండాకాలంలో 8 లోపలికి రావచ్చు. హానా విషయంలో ఇది గుర్తుంచుకోవాల్సిన లోపం.

నమోదు 3: ముల్లు కొస

ఎక్కువ డబ్బు పోసేది నిజానికి దీనికే. ఎల్పీ బయటి గాడి దగ్గర (146 మి.మీ. వ్యాసార్ధం) గాడి వేగం సెకనుకు 510 మి.మీ. లోపలి అంచున (60 మి.మీ.) 210 మి.మీ. మాత్రమే. 15 కిలోహెర్ట్జ్ అల పొడవు బయట 34 మైక్రాన్లుంటే లోపల 14కు కుంచించుకుపోతుంది. డీఎల్-103 గుండ్రటి కొస వ్యాసార్ధం 16.5 మైక్రాన్లు. అంత లావు కొస 14 మైక్రాన్ల అలలోకి దిగలేదు. ప్రతి వైపూ చివరి పాటలో గాయని 'స', 'ష' అక్షరాలు బుసకొట్టడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

ఎలిప్టికల్ కొసలో పక్క వ్యాసార్ధం 8 మైక్రాన్ల దాకా తగ్గుతుంది. షిబాటా కొస 6. దీన్ని 1970ల మొదట్లో జేవీసీలో నోరియో షిబాటా రూపొందించారు. నాలుగు ఛానళ్ల సీడీ-4 రికార్డుల్లోని 30 కిలోహెర్ట్జ్ వాహక తరంగాన్ని అందుకోవడం దాని ఉద్దేశం. ఆ పద్ధతి అంతరించింది, ముల్లు మిగిలింది. మైక్రోలైన్ కొస 3 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది. నిలువు దిశలో మాత్రం గాడి గోడను పొడుగ్గా తాకుతుంది కాబట్టి ఒత్తిడి ఒకచోటే పడదు, ముల్లు నెమ్మదిగా అరుగుతుంది. ఆడియో-టెక్నికా చెప్పే జీవితకాలాలు: గుండ్రటిది 500 గంటలు, ఎలిప్టికల్ 300, షిబాటా 800, మైక్రోలీనియర్ (మైక్రోలైన్ రకమే) 1000.

పాత దేశీ రికార్డులకు మైక్రోలైన్ కొస కలిసొస్తుందా? వస్తుంది, కానీ ఉచితంగా కాదు. ఆ రోజుల్లో సిరామిక్ కార్ట్రిడ్జ్ పోర్టబుల్ ప్లేయర్లు ఐదారు గ్రాములు మోపి గుండ్రటి ముల్లుతో గాడి గోడ మీద ఒకే పట్టీని అరగదీశాయి. పొడవాటి మైక్రోలైన్ అంచు ఆ పట్టీకి పైనా కిందా ఉన్న అరగని భాగాన్ని కూడా తాకుతుంది, అందువల్ల కొన్ని రికార్డులు ఆశ్చర్యపోయేంత శుభ్రంగా పలుకుతాయి. అదే అంచు గాడి అడుగున పేరుకున్న మట్టిని కూడా కదిలిస్తుంది. కాబట్టి తడిపి కడగని రికార్డు మీద ఈ ముల్లు దించకూడదు. గోడ నిజంగానే విరిగిపోయిన రికార్డును ఏ ముల్లూ బాగుచేయలేదు.

నమోదు 4: గెయిన్, లోడ్

0.4 మిల్లీవోల్ట్ ఇచ్చే కార్ట్రిడ్జ్‌ను 60 డెసిబెల్ (అంటే 1000 రెట్లు) పెంచితే 0.4 వోల్ట్. 5 మిల్లీవోల్ట్ ఇచ్చే 2ఎం బ్లాక్‌ను 40 డెసిబెల్ (100 రెట్లు) పెంచితే 0.5 వోల్ట్. రెండూ మామూలు ఆంప్లిఫయర్‌కు చాలు. స్పెసిఫికేషన్లు పోల్చేటప్పుడు ఆ అంకె ఏ వేగం దగ్గర చెప్పారో చూడాలి. సెకనుకు 5 సెం.మీ. దగ్గర ఒకరు, 3.54 సెం.మీ. దగ్గర ఒకరు చెబితే ఒకే కార్ట్రిడ్జ్‌కు 3 డెసిబెల్ తేడా కనిపిస్తుంది.

లోడ్ కూడా కొంత తినేస్తుంది. డీఎల్-103 కాయిల్ 40 ఓమ్. 100 ఓమ్ లోడ్ మీద 2.9 డెసిబెల్ పోతుంది. 0.3 మిల్లీవోల్ట్ కాస్తా 0.21 అవుతుంది, దాంతో హిస్ (బుస్సుమనే శబ్దం) పైకి తేలుతుంది. 8 ఓమ్ హానాకు అదే లోడ్ మీద పోయేది 0.7 డెసిబెలే. హానా కంపెనీ అడిగేది 80 ఓమ్‌కు పైన, మన 100 సరిపోతుంది.

డీఎల్-103 మీద మనసు పడ్డవాళ్లకు 1:10 స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ (సిగ్నల్ వోల్టేజిని పది రెట్లు పెంచేది) మంచి దారి. 47 కిలోఓమ్ ఎంఎం ఇన్‌పుట్ కార్ట్రిడ్జ్‌కు 470 ఓమ్‌గా కనిపిస్తుంది (నిష్పత్తి వర్గంతో భాగించాలి). 1:20 పెడితే 118 ఓమ్‌కు పడిపోతుంది. గెయిన్ ఎక్కువ వస్తుందని 1:20 కొన్నవాళ్లు అందులో కొంత కాయిల్‌లోనే పోగొట్టుకుంటారు.

2ఎం బ్లాక్‌ను ఆపింది కంప్లయన్స్ ఒక్కటే కాదు. దాని ఇండక్టెన్స్ 630 మిల్లీహెన్రీ. కేబుల్, ఇన్‌పుట్ కలిపి 250 పికోఫారడ్ ఉంటే విద్యుత్ రెసొనెన్స్ 12.7 కిలోహెర్ట్జ్ దగ్గర. 400 ఉంటే 10 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది. అక్కడ ధ్వని ఉబ్బి, ఆ పై ఫ్రీక్వెన్సీలన్నీ రాలిపోతాయి. ఎంకే2 కేబుల్ చేతికే అతికి ఉంటుంది, మార్చాలంటే అడుగు విప్పి సోల్డర్ చెయ్యాలి. ఎంసీకి ఈ తలనొప్పి లేదు. 25 మైక్రోహెన్రీ కాయిల్‌తో అదే 400 పికోఫారడ్ రెసొనెన్స్ 1.6 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది.

నమోదు 5: నిర్ణయం

చివరికి మిగిలినవి హానా ఎంఎల్, క్యాడెంజా బ్రాంజ్. ఊపు లెక్కలో బ్రాంజ్‌దే పైచేయి. అయినా హానా తీసుకున్నాం. బ్రాంజ్ ముల్లు రెప్లికాంట్ 100. పక్క వ్యాసార్ధం 5, నిలువున 100 మైక్రాన్లు. దాదాపు రికార్డు గాడిని కోసే ముల్లు ఆకారం. అది నిటారుగా నిలబడకపోతే దాని గొప్ప అంతా పోతుంది. ఎంకే2 చేతిలో ఎత్తు మార్చవచ్చు గానీ, పక్కవాలు (ముందు నుంచి చూస్తే ముల్లు అటో ఇటో ఒరగడం) సరిచేసే ఏర్పాటు లేదు. సరిగ్గా అమర్చలేని ముల్లుకు ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. పైగా ఎంసీలో ముల్లు అరిగితే ఎంఎంలా లాగి మార్చుకోలేం. మొత్తం కార్ట్రిడ్జ్ ఎక్స్ఛేంజి చేసుకోవాలి, లేదా రీటిప్పింగ్‌కు (కొత్త ముల్లు అతికించడానికి) పంపాలి. ఆ రెండో ఖర్చును కూడా మొదటి రోజే బడ్జెట్‌లో వేసుకోవాలి.

నమోదు 6: బిగింపు, జామెట్రీ

హెడ్‌షెల్ వైర్ల రంగులు: తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. ట్యాగులను కొనసన్నటి పట్టకారుతో తోయాలి. బిగుతుగా ఉంటే టూత్‌పిక్ దూర్చి కాస్త వదులు చెయ్యాలి, బలవంతంగా నొక్కకూడదు. కార్ట్రిడ్జ్ పిన్నుల మీద సోల్డర్ ఇనుము ఎప్పుడూ పెట్టకూడదు. లోపల వెంట్రుక కంటే సన్నని తీగ అతుకు ఊడిపోతుంది. కాయిల్ బతికుందో లేదో మల్టీమీటర్‌తో చూడటం కూడా మానుకోవాలి.

ఎంసీ అయస్కాంతం బలమైనది. ఇనుప స్క్రూడ్రైవర్ దగ్గరకు తెస్తే చేతిలోంచి లాక్కుంటుంది, మధ్యలో కాంటిలీవర్ (ముల్లును మోసే సన్నని కడ్డీ) ఉంటే కథ ముగిసినట్టే. ఇత్తడి లేదా అల్యూమినియం స్క్రూలు, అయస్కాంతానికి అంటుకోని పనిముట్లు వాడాలి. స్క్రూలు వేలితో బిగుసుకునేదాకా తిప్పి, ఆ పైన పావు చుట్టు చాలు. అన్నీ అయ్యేదాకా ముల్లు తొడుగు తీయకూడదు.

ఇక జామెట్రీ. ఎక్కువమంది టెక్నిక్స్ వాళ్లిచ్చిన గేజి పక్కన పడేసి బేర్వాల్డ్ ప్రొట్రాక్టర్ (కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే గీతల పలక) వాడతారు. బేర్వాల్డ్ సున్నా బిందువులు (గాడికి ముల్లు కోణ దోషం లేకుండా నేరుగా ఉండే చోట్లు) 66 మి.మీ., 120.9 మి.మీ. దగ్గర. పివట్ నుంచి స్పిండిల్‌కు 215 మి.మీ. ఉన్న ఈ చేతికి దాన్ని సాధించాలంటే ఓవర్‌హ్యాంగ్ 17.8కి పెంచి, కార్ట్రిడ్జ్‌ను 1.7 డిగ్రీలు లోపలికి తిప్పాలి. టెక్నిక్స్ గేజి (హెడ్‌షెల్ రబ్బరు నుంచి ముల్లు కొసకు 52 మి.మీ.) ప్రకారం సున్నాలు 58.8, 113.5 దగ్గర వస్తాయి.

ఎల్పీలు మాత్రమే ఉంటే బేర్వాల్డ్ మంచిదే. కానీ 7 అంగుళాల ఈపీ గాడి 55 మి.మీ. దాకా లోపలికి వస్తుంది. అక్కడ బేర్వాల్డ్ కోణ దోషం 1.8 డిగ్రీలు, టెక్నిక్స్ అమరికలో 0.5 డిగ్రీలే. బయటి అంచున మాత్రం టెక్నిక్స్‌దే ఎక్కువ: 2.6 డిగ్రీలు, బేర్వాల్డ్‌లో 1.9. అయితే కోణ దోషం వల్ల వచ్చే వక్రీకరణ వ్యాసార్ధంతో భాగించుకుంటూ పోతుంది. 146 మి.మీ. దగ్గర 2.6 డిగ్రీలు, 55 దగ్గర 1.8 కంటే తక్కువ హాని చేస్తుంది. సినిమా ఈపీలు ఇన్ని ఉన్న ఇంట్లో 52 మి.మీ. గేజే సరైనది. దాన్నే ఉంచాం.

గేజి పెట్టాక కార్ట్రిడ్జ్ ఒళ్లు చూసి తృప్తిపడకూడదు. ముందు నుంచి భూతద్దంతో చూసి కాంటిలీవర్ గీతకు సమాంతరంగా ఉందో లేదో చూడాలి. ఒళ్లు నేరుగా ఉండి కాంటిలీవర్ పక్కకు ఉన్న కార్ట్రిడ్జ్‌లు అరుదేమీ కాదు.

నమోదు 7: బరువు, ఎత్తు, పక్కలాగుడు

హెడ్‌షెల్ 7.5, హానా 9.5, స్క్రూలు 0.8: మొత్తం 17.8 గ్రా. 17.5 హద్దు దాటింది, సహాయక బరువు వేశాం. అది పివట్‌కు దగ్గరే కాబట్టి ప్రభావ ద్రవ్యరాశి పెద్దగా పెరగదు.

ట్రాకింగ్ ఫోర్స్ (ముల్లు గాడి మీద మోపే బరువు) 2.00 గ్రా. చేతి మీది అంకెల చక్రాన్ని నమ్మకుండా 0.01 గ్రా. చూపే డిజిటల్ తూకం వాడాలి. తూకం పళ్లెం రికార్డు ఎత్తులోనే ఉండాలి, ఎత్తులో ఉంటే అంకె తప్పుతుంది. పళ్లెం ఇనుముదైతే అయస్కాంతం లాగి, లేని బరువు చూపిస్తుంది. తగ్గించి మోపితే రికార్డుకు మంచిదన్న నమ్మకం ఇంకా పోలేదు. నిజానికి తేలిగ్గా మోపిన ముల్లు గాడిలో ఎగిరిపడి గోడను కొడుతుంది.

ఎత్తు విషయంలో చేతిని రికార్డుకు సమాంతరంగా పెట్టి మొదలుపెట్టాం. 230 మి.మీ. చేతిలో ముల్లు కోణం 1 డిగ్రీ మారాలంటే వెనక 4 మి.మీ. లేపాలి. ఎంకే2 మొత్తం ఎత్తు మార్పు 6 మి.మీ. అంటే ఒకటిన్నర డిగ్రీ. మందం వేరైన ప్రతి రికార్డుకూ చక్రం తిప్పేవాళ్లున్నారు. 120 గ్రా., 180 గ్రా. రికార్డుల మధ్య మందం తేడా మిల్లీమీటరు కూడా ఉండదు, కోణంలో పావు డిగ్రీ లోపే. ఆ శ్రమ రికార్డు కడగడానికి పెడితే మేలు.

యాంటీ-స్కేటింగ్‌ను (చెయ్యి లోపలికి జారకుండా ఎదురు లాగే ఏర్పాటును) గాడి లేని నున్నటి డిస్కు మీద సరిచూడకూడదు. అక్కడ రాపిడి వేరు. టెస్ట్ రికార్డు మీద 300 హెర్ట్జ్ స్వరాన్ని క్రమంగా పెంచే ట్రాక్‌లో, గరగర ఏ ఛానల్లో ముందు వస్తుందో విని సరిచేయాలి. కుడి ఛానల్లో ముందు వస్తే కొంచెం పెంచాలి. 1.7 దగ్గర రెండూ దాదాపు కలిసి వచ్చాయి.

నమోదు 8: హమ్

0.4 మిల్లీవోల్ట్ సిగ్నల్‌కు 60 డెసిబెల్ పెట్టాక, ఎంఎంతో వినపడని 50 హెర్ట్జ్ హమ్ పైకి తేలింది. వరుసగా చూడాల్సినవి: చేతి ఎర్త్ వైరు ఫోనో స్టేజి భూమి స్క్రూకు గట్టిగా బిగిసిందా, హెడ్‌షెల్ రబ్బరు వాషర్, కాలర్ పిన్నులు శుభ్రంగా ఉన్నాయా, ఫోనో స్టేజి అడాప్టర్ టర్న్‌టేబుల్‌కు దగ్గరగా ఉందా. మన ఇళ్లలో నాలుగోది గోడ సాకెట్. మూడు పిన్నులు ఉన్నంత మాత్రాన లోపల ఎర్త్ వచ్చినట్టు కాదు, ఎలక్ట్రీషియన్‌తో కొలిపించాలి. ఇక్కడ హమ్ పోయింది ఆంప్లిఫయర్‌ను చేతి పక్క నుంచి వేరే అరకు జరిపాక. ఎంకే2 ట్రాన్స్‌ఫార్మర్ లోపలే ఉంటుంది కానీ, ఈ హమ్ దానిది కాదు. హమ్ మూలం వెతకడానికి చేతిని రికార్డు మీదుగా మోటారు ఆపి జరిపి చూడాలి. చోటు మారితే శబ్దం మారుతుంటే అది అయస్కాంత క్షేత్రం, మారకపోతే ఎర్త్.

నమోదు 9: కొలతలు, ప్రస్తుత స్థితి

పక్క ఊపు పరీక్ష ట్రాక్‌లో చెయ్యి 9 హెర్ట్జ్ దగ్గర ఎక్కువ కంపించింది. లెక్క 8.2. హెచ్చించిన 1.7 కొంచెం ఎక్కువన్నమాట, 1.4 వేస్తే అంకె కలుస్తుంది. వేసవికి కాస్త వెసులుబాటు దొరికింది.

ముల్లు శుభ్రత: ప్రతి వైపు వాయించాక పొడి బ్రష్‌తో వెనక నుంచి ముందుకు, ఒకే దిశలో. పక్కకూ, వెనక్కూ తోయకూడదు. ద్రవం వాడితే కొసకు మాత్రమే అంటాలి, ఎక్కువైతే కాంటిలీవర్ వెంట పైకి పాకి జిగురును కరిగించే ప్రమాదం ఉంది. కోస్తా తేమలో రికార్డు కవర్ల లోపల బూజు పడుతుంది, కంటికి పలచని మచ్చల్లా కనిపిస్తుంది. అలాంటివి కడగకుండా వాయిస్తే ముల్లు కొస మీద బూడిదరంగు పిండి చేరి, రెండో పాటకల్లా పై స్థాయిలు మూగబోతాయి.

ఇంకా మిగిలిన పనులు: మోనో ఈపీలకు ఆంప్లిఫయర్ మోనో మీటతో పోల్చి చూడటం (రెండు ఛానళ్లూ కలిస్తే నిలువు దిశ శబ్దం రద్దవుతుంది, సగం చిటపటలు పోతాయి). బాగా అరిగిన వాటి కోసం రెండో హెడ్‌షెల్‌లో డీఎల్-103 బిగించి, దానికి 1:10 ట్రాన్స్‌ఫార్మర్ కలపడం. అప్పుడు ఎంఎం ఇన్‌పుట్ దాని కోసమే ఉంటుంది, రెండు దారుల మధ్య మారడానికి వెనక ప్లగ్గులు మార్చకుండా ఒక స్విచ్ బాక్సు కావాలి. మిల్లీవోల్ట్‌లోపు సిగ్నల్ మధ్యలో స్విచ్ పెడితే హమ్ మళ్లీ వస్తుందా రాదా అన్నది తర్వాతి నమోదులో.